మలేరియా కణానికి మంచి కణాలు ఎందుకు అతుక్కుంటాయి?

ప్రశ్న: మాది ఉంగుటూరు. మామిడి కాపు మీదున్నప్పుడు రాత్రిళ్లు తోటలోనే కావలి పడుకుంటాను. ‘నీది ఓ గ్రూపు రక్తం, మలేరియా నిన్నేం చేయదులే’ అంటాడు పక్క తోటాయన. నిజమేనా?

జవాబు: సగమే నిజం. ఆ సగం ఏదో తెలియాలంటే రక్తంలో దూరిన పరాన్నజీవి ఏం చేస్తుందో చూడాలి.

ఎలా అతుక్కుంటాయి?

మలేరియాలో ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఫాల్సిపేరం రకం. అది ఎర్ర రక్తకణంలో దూరి, 48 గంటల్లో పెరిగి, పిల్లలు పెట్టి, కణాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది. దాదాపు సగం కాలం గడిచేసరికి కణం పైపొర మీద సన్నటి గుబ్బలు లేస్తాయి. వాటి మీద పీఎఫ్ఈఎంపీ1 అనే ప్రొటీన్‌ను పరాన్నజీవి నిలబెడుతుంది. మంచి కణాల మీదుండే సీఆర్1 ప్రొటీన్‌నూ, ఏ, బీ గ్రూపుల చక్కెరలనూ అది పట్టుకుంటుంది. అలా జబ్బు కణం చుట్టూ రెండో మూడో మంచి కణాలు రేకుల్లా చేరితే దాన్ని రోజెట్ అంటారు.

ఎందుకు?

మంచి కణాల చాటున ఉంటే యాంటీబాడీల కంట పడకుండా తప్పించుకోవచ్చన్నది ఒక వివరణ. పైగా ఈ ప్రొటీన్‌కు సుమారు 60 జన్యువులున్నాయి. ఒక్కోసారి ఒక్కోదాన్ని వాడుతూ పరాన్నజీవి వేషం మారుస్తుంది. ఇదే ప్రొటీన్‌తో జబ్బు కణాలు రక్తనాళాల గోడలకూ అతుక్కుని, ప్లీహానికి చిక్కకుండా ఉండిపోతాయి. వేలు గుచ్చి తీసిన రక్తంలో ఉంగరాల్లాంటి లేత దశలే ఎక్కువగా కనపడేది అందుకే. ముదిరినవి లోపలి సన్న నాళాల్లో ఉంటాయి. కాబట్టి స్లైడ్ మీద కొద్దిగానే కనిపించాయని జబ్బు తేలికని అనుకోకూడదు. మెదడు నాళాలు మూసుకుపోతే ఫిట్స్ వస్తాయి, స్పృహ తప్పుతుంది.

మరి ఓ గ్రూపు?

ఓ గ్రూపు కణాల మీద ఏ, బీ చక్కెరలు ఉండవు. రోజెట్లు చిన్నగా, వదులుగా ఏర్పడతాయి. ఆఫ్రికాలోని మాలి దేశపు పిల్లలపై 2007లో వెలువడిన అధ్యయనంలో, ఓ గ్రూపు వారికి తీవ్ర మలేరియా ముప్పు దాదాపు మూడింట రెండొంతులు తక్కువని తేలింది. మీ పక్క తోటాయన మాటలో నిజం ఇంతవరకే. సీఆర్1 పట్టు మాత్రం అలాగే ఉంటుంది.

అయితే దోమ కుట్టాక మలేరియా రాకుండా ఓ గ్రూపు ఆపలేదు, వచ్చాక మందు అక్కర్లేకుండానూ చేయలేదు. తోటలో దోమతెర కట్టుకుని పడుకోండి. చలితో జ్వరమొస్తే ఆ రోజే ఆశా కార్యకర్త దగ్గరో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో రక్తపరీక్ష చేయించుకోండి. మలేరియా అని తేలితే, జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకుండా మందు పూర్తిగా వాడండి.