పెరటి పిట్టల గదికి నేల, నీటివాటం

"ఏడాది మొత్తానికి నూరు మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. అలాంటి మస్కట్ లో పిట్టల గదికి తూమెందుకండీ?" అని మనవాళ్ళు అడుగుతుంటారు. ప్రశ్న సబబుగానే వినిపిస్తుంది. కాని పిట్టల గదిలోకి నీళ్ళు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి, మనం రోజూ పోసే నీళ్ళు: తాగే గిన్నెలు ఒలికినవి, పిట్టలు స్నానం చేసినవి, కడిగినవి. రెండోది, ఎప్పుడో ఒకరోజు ఒక్కసారిగా వచ్చి పడే వాన. మొదటిది కొంచెం కొంచెంగా పాడుచేస్తుంది. రెండోది ఒక్క పూటలో ముంచుతుంది. 2007 జూన్ లో గోను తుఫాను మస్కట్ ను ముంచింది. 2021 అక్టోబరులో షాహీన్ తుఫాను బాతినా తీరాన్ని తాకినప్పుడు ఖాబూరా ప్రాంతంలో ఒక్క రోజులోనే 300 మి.మీ. పైగా, అంటే మస్కట్ లో మూడేళ్ళకు పడే వాన కురిసింది. కాబట్టి ఇక్కడ నేల వేసేటప్పుడు ఈ రెండు నీళ్ళనూ మనసులో పెట్టుకోవాలి.

ఇందులో ఊరట కలిగించే సంగతి ఒకటుంది. నేల బాగుండడానికి కావలసింది ఖరీదైన రాయి కాదు, వాటం. వాటానికి విడిగా డబ్బు పెట్టనక్కరలేదు. వేసే రోజున కాస్త శ్రద్ధ పెడితే చాలు. అది తప్పితే పైన ఎంత మంచి టైలు పరచినా వృథా.

తడి నేలతో వచ్చే చిక్కులు

పిట్ట రెట్టలో ఉండే యూరిక్ ఆమ్లం తడి తగిలితే కుళ్ళి అమ్మోనియా అవుతుంది. పక్షుల ఊపిరితిత్తులు మనవాటికంటె సున్నితం. ఆ ఘాటు మన ముక్కుకు తెలిసేసరికే వాటికి ఇబ్బంది మొదలై ఉంటుంది. రక్తవిరేచనాలు కలిగించే కాక్సీడియా సూక్ష్మజీవులు పొడినేల మీద నిలవలేవు. వెచ్చగా, తడిగా ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే మరో పిట్టకు అంటుకునే దశకు వస్తాయి. మట్టిలో చేరిన ఏలికపాముల గుడ్లు నెలల తరబడి బతికి ఉంటాయి.

ఇది పిట్టలతో ఆగదు. 2018 చివర, 2019 మొదట్లో మస్కట్ గవర్నరేట్ లో, సీబ్, బౌషర్ ప్రాంతాల్లో, డెంగీ ఇక్కడికిక్కడే వ్యాపించింది. డెంగీ దోమ పెద్ద మురికిగుంట కోసం వెతుక్కోదు. తొట్టె కింద పళ్ళెం, మూలన నిలిచిన చెంబెడు నీళ్ళు దానికి చాలు. వారం పది రోజుల్లో గుడ్డు కాస్తా దోమ అవుతుంది. పిట్టల గది పక్కనే మన పిల్లలు ఆడుకుంటారు. నేల ఎలా వేశామన్నది అందుకే ఇంటిల్లిపాదికీ సంబంధించిన విషయం.

ముందు స్థలం చూసుకోండి

మనలో చాలామందిమి అద్దె విల్లాల్లో ఉన్నవాళ్ళం. కనుక ఇంటి యజమానిని అడిగి, వీలైతే కాగితం మీద అనుమతి తీసుకుని మొదలుపెట్టండి. తర్వాత మూడు పరీక్షలు చేయండి.

ఒకటి: అడుగు లోతు గుంత తీసి నీళ్ళు నింపండి. అవి ఇంకాక మళ్ళీ నింపండి. రెండోసారి పోసినవి గంటలో ఇంకితే మంచి నేల. మర్నాటికీ నిలిచి ఉంటే కింద రాయో, గట్టి పొరో ఉందన్నమాట. బాతినా వైపు ఇసుక, గులకరాళ్ళు కలిసిన నేలలో నీళ్ళు బాగా ఇంకుతాయి. మస్కట్ కొండలను ఆనుకున్న పేటల్లో రాయి పైకే తగులుతుంది. సముద్రతీరపు చవుడు నేలల్లో ఉప్పునీళ్ళు పైనే ఉంటాయి. ఈ రెండు చోట్లా ఇంకుడు గుంత పనికిరాదు.

రెండు: ప్రహరీ గోడ అడుగున నీళ్ళు బయటకు పోయే కన్నం ఎక్కడుందో చూడండి. లేకపోతే వానరోజున పెరడంతా తొట్టె అవుతుంది. ఉన్నచోట దాన్ని మూసేలా గది కట్టకండి.

మూడు: మధ్యాహ్నం రెండు గంటలకు అక్కడ నీడ ఎంత ఉందో చూడండి. ఎండాకాలంలో ఇక్కడి గచ్చు మీద మనం చెప్పుల్లేకుండా నిలబడలేం. పిట్టకు చెప్పులుండవు.

వాటం ఎంత?

లెక్కకు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గదిని తీసుకుందాం. మీటరుకు 2 సెం.మీ. చొప్పున పల్లం ఇవ్వండి. అంటే 3 మీటర్లకు 6 సెం.మీ. కంటికి తెలియదు గాని నీళ్ళకు తెలుస్తుంది. మీటరుకు 1 సెం.మీ. అయితే గింజల పొట్టు అడ్డుపడి నీళ్ళు ఆగుతాయి. రసమట్టం లేకపోతే సన్నని పారదర్శకపు గొట్టంలో నీళ్ళు నింపి రెండు కొసలూ పైకెత్తి పట్టుకోండి. నీటి మట్టాలు రెండూ ఒకటే ఎత్తున ఉంటాయి. అక్కడినుంచి పల్లపు వైపు 6 సెం.మీ. కిందికి గుర్తు పెట్టుకుంటే సరి. పల్లం తలుపు ఎదటి వైపుకి ఉండాలి. అప్పుడు కడిగే మనిషి పొడినేల మీద నిలబడి కడగవచ్చు.

వాటం విలువ ఒమాన్ వాళ్ళకు చెప్పనక్కరలేదు. ఇక్కడి ఫలజ్ కాలువల్లో నీళ్ళు మోటారు లేకుండా, కేవలం వాటం మీదే మైళ్ళకొద్దీ నడిచి తోటలకు చేరతాయి. నిజ్వాలోని ఫలజ్ దారిస్ తో సహా అలాంటివి అయిదింటిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన ఆరు సెంటీమీటర్లలో ఉన్నదీ ఆ సూత్రమే.

గది నేల చుట్టుపక్కల పెరటికంటె 10, 15 సెం.మీ. ఎత్తులో ఉండాలన్నది మరచిపోవద్దు. వానరోజున కాపాడేది ఆ ఎత్తే.

ఏ నేల ఎవరికి?

ఇసుక: అన్నిటికంటె చవక. నేలను దిమ్మిస కొట్టి 8, 10 సెం.మీ. మందాన పరచాలి. పైన పూర్తిగా కప్పు ఉంటేనే పనికివస్తుంది. వారానికోసారి జల్లెడపట్టి, కొన్ని నెలలకోసారి మొత్తం మార్చాలి. సముద్రపు ఒడ్డు ఇసుక ఉప్పుది, వద్దు. కడిగిన ముతక ఇసుకను కంకర దుకాణంలోనే కొనండి. మన ఊళ్ళలో కోళ్ళ షెడ్లలో ఊక పరిచే పద్ధతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇక్కడ ఊక దొరకడం కష్టం. వడ్రంగి దుకాణపు పొట్టు దొరుకుతుంది గాని, అందులో జిగురు పలకల పొడి, మందు పూసిన చెక్క కలిసి ఉండవచ్చు.

గులకరాళ్ళు: 10, 15 సెం.మీ. మందం. నీళ్ళు ఇంకే నేలయితే చాలా సుఖం. గొట్టంతో కడిగితే మురికి కిందికి దిగిపోతుంది. అయితే దిగినది అక్కడే ఉంటుంది. ఏడాదికో రెండేళ్ళకో రాళ్ళన్నీ ఎత్తి కడిగి మళ్ళీ పరచాలి.

ఇంటర్ లాక్ ఇటుకలు: అద్దె ఇంటివాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే. 20 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు, 6 సెం.మీ. మందం ఉన్నవి చదరపు మీటరుకు 50 పడతాయి. మన 6 చదరపు మీటర్ల గదికి 300. విరిగేవాటికి మరో 15 కలుపుకోండి. ఇళ్ళు కట్టేచోట మిగిలినవి అడిగితే చవకగా రావచ్చు. ముందు 10 సెం.మీ. కంకర పోసి, వాటం ఇచ్చి, దిమ్మిస కొట్టాలి. దానిమీద 3, 4 సెం.మీ. ఇసుక, ఆపైన ఇటుకలు. సందుల్లో పొడి ఇసుక ఊడ్చాలి. చుట్టూ అంచుకు సిమెంటుతో కట్టు వేయకపోతే ఇటుకలు జరుగుతాయి. వాటం కంకరలోనే రావాలి. పై ఇసుకతో సర్దుదామనుకుంటే ఆర్నెల్లలో గుంటలు పడతాయి.

గచ్చు: కడగడానికి దీన్ని మించింది లేదు. మన గదికి 10 సెం.మీ. మందాన 0.6 ఘనపు మీటరు కాంక్రీటు పడుతుంది. సాయంత్రం చల్లబడ్డాక పోయించి, తడి గోనెపట్టాలు కప్పి ఏడు రోజులు ఆరకుండా చూడాలి. ఇక్కడి ఎండకు వదిలేస్తే మర్నాటికే బీటలు. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట పనిచేయించడం నిషేధమని మేస్త్రీతో మాట్లాడేటప్పుడు గుర్తుంచుకోండి. పైభాగం నున్నగా కాక కొంచెం గరుకుగా ఉంచండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పగలగొట్టమంటే ఆ ఖర్చు మనదే.

జాలీ నేల: గదిని రెండడుగులు పైకెత్తి, అడుగున అర అంగుళం కన్నాల జాలీ వేస్తే రెట్ట కిందపడిపోతుంది. మనవాళ్ళు లవ్ బర్డ్స్ అని పిలిచే బడ్జీలకు, కాకటీల్స్ కు బాగుంటుంది. నేలమీద ఏరుకుతినే కౌజు పిట్టలకు ఇబ్బంది. కొత్త జస్తా తీగను పెట్టేముందు వెనిగరుతో రుద్ది కడగాలి. పొరలు పొరలుగా లేచే జస్తాను చిలుకజాతి పిట్టలు కొరికి మింగితే విషం.

ప్లైవుడ్ కు ఇక్కడి చెదలు ఆనందంగా విందు చేసుకుంటాయి. కృత్రిమ పచ్చిక తివాచీ తడినీ వేడినీ రెంటినీ పట్టి ఉంచుతుంది. ఈ రెండూ వద్దు. మిగిలిపోయిన నున్నని టైళ్ళు తడిస్తే మనుషులు జారిపడతారు.

ఇటుకలు గాని, రాళ్ళు గాని, ఇసుక గాని వేసేవాళ్ళు అన్నిటికంటె అడుగున అర అంగుళం జాలీ పరచి, గోడ బయటకు ఒక అడుగు మేర పొడిగించండి. ఎలుకలు గోడ పక్కనే తవ్వుతాయి. జాలీ తగిలితే విసిగి వెళ్ళిపోతాయి.

సలాలాలో ఉన్నవారికి వేరే మాట. అక్కడ జూన్ చివరినుంచి సెప్టెంబరు దాకా ఖరీఫ్ తుంపర. నేల ఆరే అవకాశమే తక్కువ. గచ్చుగాని, జాలీ గాని వేసి, పైన పూర్తిగా కప్పు, తుంపర కొట్టే వైపు అడ్డుగోడ పెట్టుకోవాలి.

నీళ్ళు ఎక్కడికి?

పల్లపు వైపు పొడవునా బెత్తెడు వెడల్పు కాలువ, దానికి తూము, తూము ముందు పాత బకెట్టు పట్టేంత చిన్న గుంత. పొట్టు, ఈకలు ఆ బకెట్టులో ఆగుతాయి. వారానికోసారి పైకెత్తి దులిపితే చాలు. అక్కడినుంచి 4 అంగుళాల పి.వి.సి. గొట్టంతో కరివేపాకు, మునగ, నిమ్మ చెట్ల పాదులకు మళ్ళించండి. పచ్చి రెట్ట నీళ్ళు కొత్తిమీర, తోటకూర మళ్ళలోకి వద్దు. రోగకారక క్రిములు ఆకులమీదుగా మన కంచంలోకి వస్తాయి. సెప్టిక్ ట్యాంకుకూ కలపవద్దు. ఇసుక, పొట్టు చేరితే అది త్వరగా నిండి ట్యాంకరు ఖర్చు పెరుగుతుంది.

చెట్లు లేకపోతే ఇంకుడు గుంత. రెండడుగుల చదరం, మూడడుగుల లోతు తీసి గులకరాళ్ళతో నింపితే రాళ్ళ సందుల్లో సుమారు 130 లీటర్లు పడతాయి. రోజూ కడిగే రెండు బకెట్లకు ఎక్కువే. కాని 50 మి.మీ. వాన పడితే మన గది మీదే 300 లీటర్లు. ఆ నీరు గుంతలో పట్టదు. అందుకే గుంత నిండాక పొర్లే నీరు గోడ కన్నం వైపు నేలమీదుగా పారే దారి ముందే ఉంచాలి. కప్పు చూరునీళ్ళు గదిలోకి కాక బయటకు పడాలి. గుంత ఇంటి పునాదికి కనీసం 3 మీటర్లు ఎడంగా ఉండాలి.

ఇక్కడి కుళాయి నీళ్ళలో ఎక్కువభాగం సముద్రపు నీటిని శుద్ధిచేసినవి. ఊరికే పారబోయదగినవి కావు. పొడిగా ఊడిస్తే రెట్ట దుమ్ము లేస్తుంది. కొన్ని పిట్టల జబ్బులు ఆ దుమ్ముతోనే మన ఊపిరితిత్తులకు చేరతాయి. మన ఇళ్ళ ముందు కళ్ళాపి చల్లినట్టు తేలికగా తడి చల్లి, గీకి తీసి, తర్వాత రెండు బకెట్లతో కడగండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పొద్దున్నే కడిగితే ఎండకు ఆరుతుంది. సాయంత్రం కడిగితే తీరపు ఉక్కలో రాత్రంతా తడిగానే ఉంటుంది.

పని పూర్తయిందని మేస్త్రీకి డబ్బిచ్చేముందు, పిట్టలను లోపలికి వదిలేముందు, ఎత్తు వైపు రెండు బకెట్ల నీళ్ళు గుమ్మరించండి. పది నిమిషాల తర్వాత చూడండి. ఎక్కడైనా అరచేయంత మడుగు మిగిలితే అక్కడ సున్నంతో గీత గీసి, ఆ చోటు ఆరోజే విప్పి సరిచేయించండి. ఇటుక నేల అయితే అది గంట పని. పిట్టలు చేరి, గుడ్లు పెట్టాక ఆ పని ఎవరివల్లా కాదు.