ఎదురుదెబ్బయు మెట్టెయు



వేసవి వచ్చినంతనే కోయిలకుంట్ల ప్రాంతమున నల్లరేగడి చేలు నెఱ్ఱెలు విచ్చును. పంట తీసిన యా బయళ్ళలోనే మన పిల్లలు వట్టికాళ్ళతో చెడుగుడు ఆడుదురు. నాపరాళ్ళు పఱచిన పంచలలో ఆడపిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుదురు. వ్రేలు నెఱ్ఱెలో చిక్కినను, బండ యంచునకు తగిలినను, ‘ఎదురుదెబ్బయే గదా’ యని మనము ఉపేక్షింతుము.

ఆటలు మానుడని నేను చెప్పబోను. 2010వ సంవత్సరమున గ్వాంగ్జౌ నగరమందలి ఆసియా క్రీడలలో స్త్రీల కబడ్డీకి తొలిసారి స్థానము లభింపగా, భారతవనితలే స్వర్ణపతకమును గెలిచిరి. ఆడుట మేలే, దెబ్బ తగిలినచో నేమి చేయవలెనో యెఱుగుట యంతకంటె మేలు.

బొటనవ్రేలికి రెండెముకలును, తక్కిన వ్రేళ్ళకు సాధారణముగా మూడేసి యెముకలును గలవు. నడకలో దేహభారమును ముందునకు నెట్టుటలో బొటనవ్రేలిదే ముఖ్యభాగము. పరుగులో దాని మొదటి కీలు మితిమీరి పైకి వంగినచో అడుగునగల స్నాయువులు సాగును, ఒక్కొక్కప్పుడు తెగును. కృత్రిమపు పచ్చికపై ఆడువారికి ఈ బెణుకు తఱచుగా కలుగుటచే పాశ్చాత్యులు దీనిని ‘టర్ఫ్ టో’ యందురు.

వివాహితయగు స్త్రీకి దెబ్బ తగిలినచో మొదట చేయవలసినది మెట్టె తీయుట. వాపు గంటగంటకు పెరుగును; మెట్టె పెరుగదు. అది యురివలె బిగిసి రక్తప్రసారము నాపినచో వ్రేలికే ముప్పు. మెట్టె తీయుట యశుభమని పెద్దలు వారింపవచ్చును. వాపు తగ్గిన పిదప ఆ మెట్టెనే మరల ధరింపవచ్చును. పోయిన వ్రేలు మరల రాదని వారికి వినయముతో చెప్పుడు. నూనెయో సబ్బునురుగో రాచి మెల్లగా త్రిప్పుచు తీయవలెను. అడుగున విడియున్న మెట్టెయైనచో కొనలు విప్పిన చాలును. అప్పటికిని రానిచో జాగు చేయక వైద్యునిచే కత్తిరింపింపవలెను.

పిదప మంచుగడ్డను గుడ్డలో చుట్టి 15 మొదలు 20 నిమిషముల వఱకు ఉంచవలెను. మంచుగడ్డ దొఱకనిచో చన్నీటిగుడ్డ యైనను మేలే. కాలిని దిండుపై నెత్తి యుంచవలెను. తైలమర్దనము చేయుటయు, వ్రేలిని పట్టి లాగుటయు కూడదు. చిన్నవ్రేలు నలిగినచో నడుమ దూది యుంచి ప్రక్కవ్రేలితో జతగా వదులుగా కట్టవచ్చును. వ్రేలు తెల్లబడినను, తిమ్మిరెక్కినను కట్టు వెంటనే విప్పవలెను. చిన్నవ్రేలి యెముక విఱిగినను సామాన్యముగా 4 మొదలు 6 వారములలో నతుకుకొనును.

చర్మము చీలినచో సబ్బుతోను శుభ్రమైన నీటితోను కడుగవలెను. సున్నము, పొగాకుపొడి, పేడ మొదలగునవి పెట్టరాదు. మట్టి చేరిన గాయమువలన ధనుర్వాతము రావచ్చును గనుక టీకాను గూర్చి వైద్యు నడుగుడు. గోటి క్రింద నెత్తురు గట్టినచో ఇంట సూదితో పొడువరాదు.

వ్రేలు వంకరపోయినను, బొటనవ్రేలిపై భారము మోపలేకున్నను, చీము పట్టినను కోయిలకుంట్లలోనో నంద్యాలలోనో వైద్యునికి చూపి, అవసరమైనచో ఎక్సురే తీయింపవలెను. మధుమేహము గలవారికి నొప్పి తెలియకపోవుటయే అపాయము; వారు చిన్నగాయమునైనను ఉపేక్షింపరాదు. దెబ్బ లేకయే రాత్రివేళ బొటనవ్రేలి మొదలు ఎఱ్ఱబడి భరింపరాని పోటు పుట్టినచో అది వాతరక్తము కావచ్చును. దానికి వేఱు చికిత్స గలదు.

గోళ్ళను మూలలు లోతుగా తీయక తిన్నగా కత్తిరింపుడు. పిల్లలకు వ్రేళ్ళు కదలుటకు చోటుగల జోళ్ళు కొనుడు. ఆడుచోట పైకి లేచిన బండలను సరిచేయింపుడు. ఇంటిల్లిపాది పాదములను గమనించు తల్లి తన పాదములను మఱవకుండుగాక!