ఒడ్డుకు లాగిన పడవను కాపాడుకొనుట

గోదావరి లంకలలో వ్యవసాయము చేయు రైతునకు కొడవలి ఎంత అవసరమో పడవయు అంత అవసరము. ధవళేశ్వరము దిగువ గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుచున్నది. వశిష్ఠ నుండి వైనతేయ విడివడి వేరుగా సముద్రములో కలియుచున్నది. ఈ పాయల నడుమ నున్న లంకలలో కొబ్బరి, అరటి, కంద, కూరగాయలు పండించు వారు ఎరువు బస్తాలను తెచ్చుకొనుటకు, అరటి గెలలను ఒడ్డు చేర్చుటకు పడవను వాడుచున్నారు. వరద వచ్చినపుడు పిల్లలను, ముసలివారిని గట్టు మీదికి దాటించునదియు పడవయే. దారులు పడిన లంకలలో సైతము వరదకు కాజ్‌వేలు మునిగిన నాడు పడవ తప్ప వేరు దిక్కు లేదు.

అయినను చాల పడవలు వరద రోజులలో తప్ప నీటిని చూడవు. వరద తీసిన తరువాత కార్తీకములో ఒడ్డుకు లాగిన పడవ మరల ఆషాఢము వరకు ఆరుబయటనే పడి యుండును. చలికాలపు మంచు, వేసవి ఎండ, నడుమ వచ్చు అకాల వర్షము అన్నియు దాని మీదనే. పడవ నదిలో చెడునని మనము తలచెదము. నిజమునకు అది ఒడ్డున చెడును; చెడిన సంగతి మాత్రము నదిలో తెలియును. అప్పటికి సరిచేసికొను వ్యవధి యుండదు.

ఒడ్డున పడవ ఎందుకు చెడును?

చెక్క నీటిని పీల్చి ఉబ్బును, ఆరిన కొలది కుదించుకొని పోవును. ఈ కుదింపు పొడవు వైపు దాదాపు ఉండదు, వెడల్పు వైపు ఎక్కువగా ఉండును. నీటిలో నానిన ఎనిమిది అంగుళముల వెడల్పు గల పలక బాగుగా ఎండినపుడు నాలుగైదు మిల్లీమీటర్లు కూడ తగ్గవచ్చును. అట్టి పలకలు పది ప్రక్క ప్రక్కన ఉన్నచో అతుకుల వద్ద ఎంత సందు ఏర్పడునో మీరే ఊహించవచ్చును. ఎండ నేరుగా తగిలినపుడు పై భాగము త్వరగా ఎండి లోపలి భాగము పచ్చిగానే యుండుటచే, వేసవిలో నల్లరేగడి చేను విచ్చినట్లు పలకయే నెర్రెలు విచ్చును.

రెండవ శత్రువు కుళ్ళు. ఇది కూడ పైరుకు వచ్చు తెగుళ్ళ వలె శిలీంధ్రముల వలన కలుగునదే. ధాన్యమును 14 శాతము తేమకు ఆరబెట్టి నిలువ చేసిన బూజు పట్టదని మీకు తెలియును. చెక్కకును అట్టి హద్దు కలదు. తేమ 20 శాతము లోపున నున్న చెక్క కుళ్ళదు. పూర్తిగా నీట మునిగి యున్న చెక్కకు గాలి అందదు గనుక అదియు త్వరగా కుళ్ళదు. ఈ రెండింటి నడుమ, అనగా తడిసి ఆరుచు, ఆరి తడియుచు నుండు చెక్కయే త్వరగా పాడగును. పడవ అడుగున నిలిచిన వాన నీరు, దానిలో రాలి మురుగు ఆకులు ఇట్టి స్థితిని కల్పించును.

మూడవది చెద. పలక నేలకు తగిలి యున్నచో చెద లోలోపలే తినివేయును. పైకి రంగు చెక్కుచెదరక కనబడుచుండగా లోపల గుల్ల మాత్రమే మిగులును.

ఒడ్డుకు లాగిన వెంటనే చేయవలసిన పనులు

పడవను మంచినీటితో లోపల, వెలుపల కడిగి, మట్టిని, నాచును గీకివేయవలెను. సముద్రమునకు దగ్గరనున్న లంకలలో ఉప్పునీటి పురుగు చెక్కను తొలుచును. బయటకు దాని రంధ్రము గుండుసూది మొన అంతయే కనబడును. కావున అడుగు భాగమును శ్రద్ధగా చూడవలెను. తరువాత మేకు తలలను ఒక్కొక్కటిగా పరిశీలించుడు. ఇనుప మేకు చుట్టును చెక్క నల్లబడి మెత్తబడినచో ఆ మేకు పట్టు వదిలినట్లే. అట్టి చోట సుద్దతో గుర్తు పెట్టి, వడ్రంగికి తీరిక గల ఈ కాలములోనే మార్పించుకొనవలెను.

ఎత్తు, ఆధారము

పడవను నేల మీద ఉంచరాదు. ఒకటిన్నర అడుగుల ఎత్తున ఇటుకలు గాని రాళ్ళు గాని పేర్చి, వాని మీద నిలుపవలెను. కొబ్బరి మొద్దులను వాడినచో చెదకు మెట్లు కట్టి ఇచ్చినట్లగును. ఆధారములు రెండు చివరల మాత్రమే ఉన్నచో నడిమి భాగము క్రుంగి, పడవ నడుము విరుగును. మూడు నాలుగు అడుగుల కొకటి చొప్పున, అడుగు దూలము క్రిందను, లోపలి అడ్డ చెక్కలు వచ్చు చోటులందును ఆధారము లుండవలెను. పక్షమున కొకసారి ఆ రాళ్ళను చూచి, చెద మట్టి గూళ్ళు కనబడినచో చెరిపివేయవలెను.

చిన్న దోనెలను బోర్లించి ఉంచుట మేలు. బోర్లింప వీలులేని పెద్ద పడవకు ముందు భాగమును జానెడు ఎత్తుగా నిలిపి, వెనుకనున్న నీరు పోవు బెజ్జపు బిరడాను తీసి యుంచుడు. ఆ బిరడాను పడవలోనే తాడుతో కట్టుడు. వరద నాడు దాని కొరకు వెదకుట కంటె కష్టము లేదు.

నీడయు, గాలియు

పడవకు కావలసినది నీడ. ఊపిరాడని కప్పు కాదు. ప్లాస్టిక్ పట్టాను పడవకు చుట్టి బిగించి కట్టుట చాల గ్రామములలో కనబడు పొరపాటు. లోపలి తేమ బయటకు పోలేక, రాత్రి చలికి పట్టా లోపలి వైపున చెమ్మగా పట్టి మరల చెక్క మీదనే కారును. దానివలన కుళ్ళు త్వరపడును. తాటాకు గాని కొబ్బరి ఆకు గాని రెండు వాలులుగా వేసిన చిన్న పాక అన్నిటి కంటె శ్రేష్ఠము. పశువుల పాకను వేసినట్లే దీనిని కూడ తూర్పు పడమరల పొడవుగా వేసినచో ఉదయపు ఎండ, సాయంకాలపు ఎండ చివరలకే పరిమితమగును. పట్టాయే వాడవలసి వచ్చినచో నడుమ వెదురును దూలముగా నిలిపి, దాని మీద పరచి, అంచులు పడవకు తగులకుండ జానెడు ఎడముగా కట్టి, రెండు చివరలను తెరచి యుంచవలెను.

చెక్క నీడలో నిదానముగా ఆరిన తరువాత, పొడి రోజులలో జీడిపిక్కల నూనె గాని తారు గాని పూయవచ్చును. తడి చెక్క మీద పూసిన తారు తేమను లోపల బంధించి మేలుకు బదులు కీడు చేయును. జీడిపిక్కల నూనె చర్మమును కాల్చును గనుక చేతులకు తొడుగులు లేకుండ దానిని ముట్టరాదు.

గాలివాన కాలము

అక్టోబరు నుండి డిసెంబరు వరకు మన తీరమునకు తుఫానులు వచ్చు కాలము. 1996 నవంబరు తుఫానులో కోనసీమ కొబ్బరి తోటలు ఎట్లు నేలకొరిగినవో పెద్దలు ఎరుగుదురు. పడవను కొబ్బరి చెట్ల క్రింద ఉంచరాదు. ఖాళీ పడవను పెనుగాలి దొర్లించగలదు. కావున నాలుగు మూలల గట్టి గుంజలు పాతి మోకులతో కట్టవలెను.

ఫైబరు పడవలు

నేడు అనేక లంకలలో ఫైబరు పడవలు వచ్చినవి. వీనికి చెద పట్టదు, కుళ్ళు సోకదు. కాని ఎండకు పై పూత సున్నము వలె పొడియై రాలును. పూత పగిలిన చోట నీరు లోపలి గాజు నార పొరలలోనికి దిగును. ఆధారము సరిగా లేనిచో అడుగు వంకర పోవును. నీడ, ఎత్తు వీనికిని అవసరమే. ఇంజను గలవారు దానిని విప్పి, మంచినీటితో శుభ్రపరచి, మిగిలిన పెట్రోలును తీసివేసి ఇంటిలో భద్రపరచవలెను. నైలాను మోకులు, రక్షణ జాకెట్లు కూడ ఎండకు బలము కోల్పోవును. వీనిని అటక మీద ఉంచుడు.

వరదకు ముందు పడవను మేల్కొలుపుట

ఎంత శ్రద్ధ తీసికొన్నను వేసవి చివరకు చెక్క పడవ అతుకులు కొంత విచ్చును. అప్పుడు చాలమంది చేయు తప్పు ఒకటి కలదు. విచ్చిన సందులలో నారను, గుగ్గిలమును సమ్మెటతో దిమ్మించి కూరుదురు. ఆ పడవ నీటిలో దిగగానే పలకలు ఉబ్బి, చోటు లేక ఒకదాని నొకటి నెట్టుకొని మేకులను పెకలించును. కావున ముందు నానబెట్టి, తరువాత కూరవలెను.

మే నెల చివరి వారములో పడవ లోపల తడి గోనె సంచులు పరచి, ఉదయము సాయంకాలము నీరు చల్లుచు నాలుగైదు రోజులు ఉంచుడు. పిదప లోపల జానెడు నీరు పోసి మరి రెండు రోజులు చూడుడు. నీరు నిండిన పడవ బరువు చాల ఎక్కువ గనుక అంతకు మించి పోయరాదు. వేసవిలో కాలువలు కట్టివేయుదురు గనుక కాలువ నీటిని నమ్ముకొనక బోరు నీటిని సిద్ధము చేసికొనుడు. చిన్న సందులు తమంత తామే మూసికొనును. అప్పటికిని కారుచున్న చోట్లకు గుర్తు పెట్టి, నీటిని తీసి, వానికి మాత్రమే నార కూరి గుగ్గిలము పట్టించవలెను.

జూన్ మొదటి పక్షములో పడవను లోతు లేని నీటిలో ఒక పూట నిలిపి పరీక్షించుడు. తెడ్లు, గెడలు, మోకులు, నీరు తోడు డబ్బా, బిరడా అన్నియు ఉన్నవో లేవో చూచుకొనుడు. ధవళేశ్వరము వద్ద నీటిమట్టము 11.75 అడుగులు చేరినపుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 13.75 అడుగులకు రెండవ దానిని, 17.75 అడుగులకు మూడవ దానిని ఎగురవేయుదురు. 1986 ఆగస్టులోను, 2022 జులైలోను మూడవ హెచ్చరికను మించి వరద వచ్చినది. మొదటి హెచ్చరిక విన్న తరువాత పడవను బాగుచేయుటకు పూనుకొన్నవాడు ఆలస్యము చేసినట్లే.

ఈ పనులకు పెద్ద ఖర్చు లేదు. నాలుగు వరుసల ఇటుకలు, పది తాటాకు మోపులు, సంవత్సరములో వారము రోజుల శ్రమ చాలును. విత్తనమును నాటుటకు ముందు మొలక పరీక్ష చేసెడి రైతు, తన ఇంటివారి ప్రాణములను ఎక్కించు పడవను పరీక్షింపక నీటిలో దింపుట తగునా? ఈ సంవత్సరము వరద తీయగానే మీ పడవకు మొదటి ఇటుకను పేర్చుడు.