వైరు లేని ముల్లు

హిందూపురం నుంచి వచ్చిన ఒక ఉత్తరం ఈ నెల మిగతా ఉత్తరాలన్నిటినీ పక్కన పెట్టించింది. రాసినాయన ఇంట్లో నాన్నగారి కాలంనాటి అంబాసిడర్ ఇంకా తిరుగుతోంది. డ్యాష్‌బోర్డు మీద స్పీడు మీటరు, పెట్రోలు ముల్లు, రెండు చిన్న లైట్లు తప్ప ఇంకేమీ లేవు. ఆయిల్ ప్రెషరుకొకటి, ఇంజిన్ వేడికొకటి, కరెంటుకొకటి మూడు మీటర్లు అదనంగా బిగించుకోవాలని ఆయన కోరిక. ధర్మవరంలో ఒక మెకానిక్కును అడిగితే "లైటుండాది కదన్నా, మళ్లా మీటరెందుకు?" అన్నాడట. అది సరే గానీ, ఉత్తరం చివర ఆయన అడిగిన ప్రశ్న నన్ను పట్టేసింది. "పాత సామాన్ల షాపులో దొరికిన ఆయిల్ మీటరు వెనకాల వైరు తగిలించే చోటే లేదు. సన్న గొట్టం బిగించడానికి మర ఒక్కటే ఉంది. కరెంటు లేకుండా ముల్లు ఎలా తిరుగుతుంది?"

ముందు అసలు సంగతి రెండు ముక్కల్లో. అంబాసిడర్ అంటే ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3కి మన దేశపు అవతారం. 1950ల చివర మొదలై 2014 దాకా ఉత్తరపారాలో తయారైంది. చాలా ఏళ్లు దాని బానెట్ కింద ఉన్నది 1489 సీసీ బి సిరీస్ పెట్రోలు ఇంజిన్. అందులో చిన్న పంపు ఒకటి ఆయిలును ఒత్తిడితో క్రాంక్‌షాఫ్ట్ బేరింగుల్లోకి తోస్తూ ఉంటుంది. షాఫ్ట్ తేలేది ఆ పలచటి ఆయిలు పొర మీదే. ఈ వంశపు ఇంజిన్ బాగా ఉంటే, వేడెక్కి పరుగులో ఉన్నప్పుడు ఒత్తిడి చదరపు అంగుళానికి 50 పౌండ్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఐడ్లింగ్‌లో 15 దగ్గరికి దిగుతుంది. ఆయిల్ లైటు వెలిగేదెప్పుడు? ఒత్తిడి ఐదారు పౌండ్లకు పడిపోయాక. 50 నుంచి 40కి, 40 నుంచి 25కి బేరింగులు అరిగిపోతున్న ఏళ్లన్నీ ఆ లైటు ఆరిపోయే ఉంటుంది. వెలిగే వేళకు ఖర్చు ఖాయమైపోయి ఉంటుంది. ధర్మవరం మెకానిక్కుకు నా జవాబు ఇదే.

ఇక ముల్లు సంగతి.

ఆ మీటరు మూత విప్పి చూస్తే లోపల అయస్కాంతం, తీగచుట్ట కనబడవు. కొడవలిలా వంగిన ఇత్తడి గొట్టం ఒకటి ఉంటుంది. ఒక కొస ఇంజిన్ నుంచి వచ్చే గొట్టానికి అతికి ఉంటుంది. రెండో కొస మూసేసి ఉంటుంది, దాన్ని ఏదీ పట్టి ఉంచదు. ఇంజిన్ ఆయిలు నిజంగానే డ్యాష్‌బోర్డు దాకా వచ్చి ఆ గొట్టంలో కూర్చుంటుంది. ఒత్తిడి పెరిగితే గొట్టం వంపు కొంచెం విచ్చుకుంటుంది. మూసిన కొస కదులుతుంది, చిన్న పళ్ల చక్రం ఆ కదలికను పెద్దది చేసి ముల్లును తిప్పుతుంది. అంతే. దీన్ని బోర్డన్ గొట్టం అంటారు.

ఎందుకు విచ్చుకుంటుంది? ఇక్కడ పెద్దపెద్దవాళ్లే పప్పులో కాలేశారు. పాఠ్యపుస్తకాల్లో కూడా దొరికే వివరణ ఒకటుంది: వంగిన గొట్టానికి బయటి గోడ పొడవెక్కువ, లోపలి గోడ పొడవు తక్కువ. కాబట్టి బయటి గోడ మీద ఆయిలు తోపు ఎక్కువ, అందుకే గొట్టం నిటారవుతుంది. వినడానికి ఎంత బాగుందో! కానీ తప్పు. మూసిన కొస మీద కూడా అదే ఒత్తిడి పనిచేస్తుంది. ఆ తోపు గొట్టాన్ని ఎటు తిప్పాలని చూస్తుందో లెక్కగడితే, గోడల తేడా వల్ల వచ్చేదాన్ని సరిగ్గా కొట్టేస్తుంది. మిగిలేది సున్నా. నమ్మకపోతే గుండ్రటి గొట్టాన్ని వంచి, ఒక కొస మూసి ఒత్తిడి పెట్టి చూడండి. దాదాపు కదలదు.

రహస్యం గుండ్రంగా లేకపోవడంలో ఉంది. బోర్డన్ గొట్టాన్ని అడ్డంగా కోసి చూస్తే నొక్కిన కోడిగుడ్డు ఆకారం. వంపు తిరిగిన దిశలో సన్నగా, దానికి అడ్డంగా వెడల్పుగా ఉంటుంది. ఒత్తిడి ఎక్కితే ఏ బల్లపరుపు గొట్టమైనా గుండ్రమవ్వాలని చూస్తుంది. అంటే బయటి గోడ, లోపలి గోడ ఒకదానికొకటి దూరం జరుగుతాయి. ఇక్కడే చిక్కు. ఆ గోడలు లోహం. వాటి పొడవులు ఇట్టే సాగవు, కుదించుకుపోవు. బయటి గోడ పొడవులోంచి లోపలి గోడ పొడవు తీసేస్తే మిగిలేది గోడల మధ్య దూరాన్ని వంపు కోణంతో గుణిస్తే వచ్చే విలువ. పొడవులు మారవు కాబట్టి ఆ విలువా మారకూడదు. దూరం పెరిగిందా, కోణం తగ్గి తీరాలి. గొట్టానికి మరో దారి లేదు. 270 డిగ్రీల వంపున్న గొట్టంలో గోడల మధ్య దూరం 4 మిల్లీమీటర్ల నుంచి 4.08 అయిందనుకోండి. వంపు 265 డిగ్రీల దగ్గరికి వస్తుంది. కంటికి కనబడనంత ఉబ్బు, ఐదు డిగ్రీల కదలిక! గుండ్రటి గొట్టం ఇంకా గుండ్రమవ్వలేదు గనుక దానికి ఈ గొడవే లేదు.

తిరునాళ్లలో పిల్లలు ఊదే కాగితపు పీపీ, చుట్టగా ఉండి ఊదగానే బారుగా సాగేది, చేసే పని కూడా ఇదే. అందులోనూ కాగితం సాగదు, బల్లపరుపు గొట్టం గుండ్రమవుతుంది, చుట్ట విడిపోతుంది.

దీని పుట్టుక ఇంకా తమాషా. పారిస్‌లో ఆవిరి యంత్రాలు చేసే యూజీన్ బోర్డన్ ఒక గొట్టాన్ని చుట్టగా చుట్టిస్తుంటే అది కాస్త నలిగి చదునైంది. మళ్లీ గుండ్రంగా చేద్దామని ఒక కొస మూసి నీళ్లు పంపు చేశాడు. గొట్టం గుండ్రమవుతూ చుట్ట విప్పుకోవడం మొదలెట్టింది. ఇంకొకడైతే విసుక్కుని కొత్త గొట్టం తెచ్చుకునేవాడు. ఈయన 1849లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ పేటెంట్ మీద, ద్రవం లేని బారోమీటరు చేసిన లూసియన్ విడీ కోర్టుకెక్కాడు. లోహపు రేకు ఒత్తిడికి వంగడమనే ఊహ తనదని ఆయన వాదన. ఏళ్ల తరబడి నడిచిన ఆ వ్యాజ్యంలో చివరికి విడీయే గెలిచాడు. నా మటుకు నాకది అన్యాయంగానే తోస్తుంది. విడీ బారోమీటరులోని రేకు డబ్బా నొక్కుకుంటుంది, బోర్డన్ గొట్టం విచ్చుకుంటుంది, రెండింటి లెక్కా వేరు. పైగా గొట్టం ఎందుకు విచ్చుకుంటుందో పేటెంట్ వచ్చిన నలభై ఏళ్లకు, 1890లో కూడా 'నేచర్' పత్రికలో వాదించుకుంటూనే ఉన్నారు. భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ అంతటివాడు కలం పట్టాల్సి వచ్చింది.

హిందూపురం పాఠకుడికి ఇంకో శుభవార్త. వేడి చూపే పాతకాలపు మీటరులో కూడా ఉన్నది ఇదే గొట్టం. ఇంజిన్ హెడ్డులో ఒక చిన్న బుడ్డి, అందులో ఈథర్. బుడ్డి నుంచి వెంట్రుకలాంటి రాగి గొట్టం మీటరు దాకా వస్తుంది. ఈథర్ 35 డిగ్రీల లోపే మరుగుతుంది. బుడ్డి వేడెక్కేకొద్దీ లోపల ఆవిరి ఒత్తిడి పెరిగి బోర్డన్ గొట్టాన్ని విప్పుతుంది. ఈ ఒత్తిడి తిన్నగా పెరగదు. 40 డిగ్రీల నుంచి 60కి వెళ్తే దాదాపు వాతావరణ పీడనమంత పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే దాదాపు దానికి రెండున్నరింతలు పెరుగుతుంది. అందుకే ఆ మీటరు మీద చల్లటి అంకెలు ఇరుక్కుని, వేడి అంకెలు విశాలంగా పరుచుకుని ఉంటాయి. మనం భయపడాల్సిన చోటే ముల్లు ఎక్కువ కదులుతుంది. ఎవరూ గీసి పెట్టలేదు, ఈథర్ స్వభావమే అది. ఏప్రిల్ ఎండకు డ్యాష్‌బోర్డు కాలిపోతున్నా ముల్లు తప్పు చెప్పదు. బుడ్డి మీటరుకంటే వేడిగా ఉన్నంతసేపు ఒత్తిడిని నిర్ణయించేది బుడ్డిలోని ఈథరే.

హిందూపురం ప్రాంతంలో ఈ వేడి ముల్లు ఊరికే అలంకారం కాదు. ధర్మవరంలో బయలుదేరి పెనుకొండ, సోమందేపల్లి మీదుగా హిందూపురం చేరేసరికి కారు 250 మీటర్లకు పైగా ఎత్తెక్కుతుంది. హిందూపురం ఉన్న 600 మీటర్ల పైచిలుకు ఎత్తులో, మూత తీసిన గిన్నెలో నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్ మూత వదులైన పాత కారుకు మే నెల మధ్యాహ్నం ఆ రెండు డిగ్రీలు కూడా ముఖ్యమే.

అదే దారిలో, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు వస్తున్నాయి. వాటిలో గోడ టీవీల్లాంటి తెరలు. కియా అనే కాదు, ఇప్పటి కార్లలో చాలావాటికి ఆయిల్ ప్రెషరు అంకె ఉండదు, లైటే. వేడి ముల్లు ఉన్నా చాలాచోట్ల కంప్యూటరు దాన్ని మధ్యలో కట్టిపడేస్తుంది. అసలు వేడి పదీ ఇరవై డిగ్రీలు అటూ ఇటూ ఊగినా ముల్లు కదలదు. డ్రైవరు కంగారు పడి షోరూముకు పరిగెత్తకుండా ఉండటానికట. నాకు నచ్చని మర్యాద ఇది.

బిగింపు గురించి కాస్త. ఆయిల్ లైటు స్విచ్చు తీసేయకండి. టీ జాయింటు వేసి లైటు, మీటరు రెండూ ఉంచండి. రాగి గొట్టమైతే ఇంజిన్ దగ్గర ఒకటి రెండు చుట్లు తిప్పి వదలాలి, లేకపోతే వణుకుకు విరుగుతుంది. ప్లాస్టిక్ గొట్టం చవకే గానీ, అది పగిలితే కాలుతున్న ఆయిలు పడేది డ్రైవరు మోకాళ్ల మీద. రేకులోంచి గొట్టం దాటే చోట రబ్బరు బుష్ తప్పనిసరి. వేడి మీటరు గొట్టం పొడవైందని కత్తిరిస్తే ఈథర్ పోయి మీటరు చచ్చిపోతుంది, మిగిలింది చుట్టి కట్టేయడమే. కరెంటుకు మాత్రం పాత అమ్మీటరు జోలికి పోవద్దు. కారు కరెంటు చాలామట్టుకు దాని గుండానే పోతుంది, వైరు వదులైతే నిప్పే. దాని బదులు వోల్ట్ మీటరు పెట్టండి. ఇంజిన్ ఆపి ఉంటే 12.6, నడుస్తుంటే 14 దగ్గర చూపితే బ్యాటరీ సంగతి తెలిసిపోతుంది. దానికి వైర్లు కలిపే ముందు బ్యాటరీ ప్లస్ బాడీకి ఉందో, మైనస్ ఉందో చూసుకోండి. ఆ కాలపు ఇంగ్లీషు కార్లలో ప్లస్సే బాడీకి కలిపేవారు.

బిగించాక, ఇంజిన్ బాగా వేడెక్కిన తర్వాత పరుగులో ఎంత, ఐడ్లింగ్‌లో ఎంత చూపిందో కాగితం మీద తేదీతో రాసి గ్లవ్ బాక్సులో పడేయండి. మీటరు కొత్తదా పాతదా, అంకె కచ్చితమా కాదా అన్నది పెద్ద విషయం కాదు. వచ్చే ఏడాది అదే ఆయిలుతో, అదే వేడిలో ఆ అంకె ఎంత దిగిందన్నదే ఆ మెకానిక్కుకు చూపించాల్సింది.