టర్బో కారు: గొట్టముల దారి

ఉద్దానపు కొబ్బరితోటలలో నీరు తోడు ఇంజనును మీరు చూచియే యుందురు. బావిలోనికి దిగు గొట్టము నలగని గట్టిది. నీరు బయటికి పోవునది మెత్తని గుడ్డగొట్టమైనను చాలును. ఈ రెంటిని తారుమారు చేయు రైతు లేడు. పీల్పునకు లోనగు గొట్టము లోనికి నలగును. ఒత్తిడికి లోనగునది వెలుపలికి ఉబ్బును. కారునకు టర్బో పెట్టించుకొనువారు తఱచుగా మఱచునది ఈ భేదమునే.

మామూలు పెట్రోలు ఇంజను గాలిని తానే పీల్చుకొనును. అందుచే థ్రాటిలునకు ఆవలనున్న మానిఫోల్డులో సాధారణముగా వాక్యూమే యుండును. టర్బో యన్ననో, వృథాగా పోవు పొగవేగముచే ఒక చక్రమును త్రిప్పి, అదే యిరుసుననున్న రెండవ చక్రముచే గాలిని ఇంజనులోనికి కుక్కు యంత్రము. స్విట్జర్లండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో దీనికి పేటెంటు పొందెను. పలాస దాటి జాతీయ రహదారి 16 మీద ఒక లారీని దాటుటకై పెడలు త్రొక్కితిమా, మానిఫోల్డులో ఒత్తిడి. కాలు తీసితిమా, మరల వాక్యూము.

బ్రేకునకు బలమిచ్చు బూస్టరు ఈ వాక్యూము మీదనే ఆధారపడియున్నది. దాని గొట్టమును పలుచోట్ల ఊరక తొడిగి విడిచెదరు. పీల్పే దానిని పట్టియుంచును. ఒత్తిడి వచ్చినచో అదే గొట్టము ఊడి పడును. కావున దానికి క్లాంపు బిగింపవలెను. బావి అడుగున ఫుట్‌వాల్వు నీటిని వెనుకకు పోనీయనట్లు, బూస్టరులోనికి ఒత్తిడిని పోనీయని ఏకదిశ వాల్వు నుండవలెను. గొట్టము ఊడిన పిదప నిలువయున్న వాక్యూముతో ఒకటి రెండు సారులు బ్రేకు తేలికగా పడును. ఆపై పెడలు ఱాయియే. టెక్కలి నడివీధిలో ఆవు అడ్డము వచ్చినప్పుడు ఈ సంగతి తెలియరాదు గదా!

వేస్ట్‌గేటు గొట్టము సన్ననిదే గాని ప్రమాదకరమైనది. ఒత్తిడి మితిమీరినప్పుడు పొగను ప్రక్కదారి పట్టించు తలుపును అది తెఱపించును. అది ఊడినను కాలినను తలుపు తెఱచుకొనదు. ఒత్తిడి పెరిగి పిస్టనులు పగులవచ్చును. దానిని వేడిచే ఎఱ్ఱబాఱు టర్బో ప్రక్కగా పోనీయరాదు.

ఎయిర్‌ఫిల్టరునుండి టర్బో వఱకు నలగని గొట్టమే వేయవలెను. అందు చీలిక యున్నచో సముద్రతీరపు సన్నని ఇసుక లోనికి పోయి, నిమిషమునకు లక్షచుట్లకు మించి తిరుగు చక్రపు రెక్కలను కొఱికివేయును. చల్లని గాలికొఱకని గాలినోటిని బంపరు క్రిందికి దింపుటయు మన ప్రాంతమునకు తగదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చేరువనే తీరము దాటినది. ఇట్టి వానలలో నీరు సిలిండరులోనికి చేరినచో, గాలివలె అణగదు గనుక, కనెక్టింగురాడు వంగును.

కంపెనీ వివరములకు భిన్నమగు మార్పులను 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను అడ్డగించుచున్నది. కావున పాత గొట్టమును కోయకముందే రవాణా కార్యాలయమున విచారింపుడు.

పని ముగిసిన పిదప ఇంజనును కొంతసేపు నడపి ఆపుడు. రెండు నిమిషములు తాళి బ్రేకు త్రొక్కుడు. మొదటి త్రొక్కు మెత్తగా దిగినచో వాల్వు పట్టుచున్నది. తొలిసారియే గట్టిగానున్నచో బండిని షెడ్డు దాటింపకుడు.