సంతోషంలో పుట్టుక వాటా ఎంత?

సూరత్‌లోని లింబాయత్‌లో తెలుగు మాట కోసం చెవులు రిక్కించనక్కర్లేదు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ మరమగ్గాల చుట్టూ స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. అలాంటి ఓ ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారనుకుందాం. ఒకే షెడ్డు, ఒకే పన్నెండు గంటల షిఫ్టు, మీటరుకు ఒకే కూలి. 'ఎట్లున్నవ్‌రా' అంటే పెద్దవాడు 'మంచిగనే ఉన్న' అంటాడు. చిన్నవాడు అదే ప్రశ్నకు అరగంట జవాబు చెబుతాడు. 'వాని పుట్టుకే అంత' అని తల్లి తేల్చేస్తుంది. శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా కుస్తీ పడుతున్నదీ ఈ మాట మీదే. వాళ్లకు కాస్త ఎక్కువ సమయం పట్టింది, అంతే.

వాళ్ల పద్ధతికి ఆధారం కవలలు. ఒకే అండం చీలి పుట్టిన కవలల జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. రెండు అండాల కవలలకు మాత్రం, మామూలు తోబుట్టువుల్లాగే, జన్యుభేదాల్లో సగటున సగం కలుస్తాయి. ఇరువర్గాలనూ 'మొత్తం మీద మీ జీవితంతో ఎంత తృప్తిగా ఉన్నారు?' అని అడుగుతారు. మొదటి రకం జంటల జవాబులు రెండో రకం జంటల కంటే దగ్గరగా ఉంటే, ఆ అదనపు పోలికను జన్యువుల ఖాతాలో వేస్తారు. డచ్ పరిశోధకురాలు మైకే బార్టెల్స్ ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి 2015లో లెక్క తీశారు. జీవన సంతృప్తి విషయంలో జన్యువుల వాటా 32 శాతం అని తేలింది.

చాలామంది జారిపడేది ఈ అంకె మీదే. మీ సంతృప్తిలో రూపాయికి ముప్పై రెండు పైసలు అమ్మానాన్నలు ఇచ్చారని దీనర్థం కాదు. మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాల గురించి మాత్రమే ఈ లెక్క. ఒక మగ్గం మీద దిగే బట్టల పన్నా (వెడల్పు) ఒక్కటే. ఆ ముక్కల విస్తీర్ణంలో కనిపించే తేడా అంతా పొడవుదే. అంతమాత్రాన విస్తీర్ణానికి పన్నాతో పనిలేదంటామా? రకరకాల పన్నాల మగ్గాలు కలిపి చూస్తే పొడవు వాటా వెంటనే తగ్గిపోతుంది. అలాగే పరిస్థితులు అందరికీ ఒకేలా ఉన్నచోట జన్యువుల వాటా పెద్దదిగా కనిపిస్తుంది. మన అన్నదమ్ముల షెడ్డు అలాంటి చోటు. తల్లి మాటలో కొంత నిజం ఉందంటే, షెడ్డు ఇద్దరికీ ఒకటే కావడం దానికి ఒక కారణం.

మిగిలిన 68 శాతం మన చేతుల్లోనే ఉందని చెప్పే పుస్తకాలు బాగానే అమ్ముడుపోతాయి. అయితే ఆ 68లో అదృష్టం, ఆరోగ్యం, అప్పులు, పెళ్లి, ప్రశ్న అడిగిన రోజున ఉన్న తలనొప్పి, కొలతలో దొర్లిన పొరపాటు అన్నీ ఉన్నాయి. సంకల్పబలానికి విడిగా గది కేటాయించలేదు.

అమెరికాలో మిన్నెసోటా కవలలను పరిశీలించిన డేవిడ్ లిక్కెన్, ఔకె టెలిగెన్ 1996లో ఒక మాట అన్నారు. సంతోషం పెంచుకోవాలని ప్రయత్నించడం, పొడుగు పెరగాలని ప్రయత్నించినంత వృథా కావచ్చని. లిక్కెనే తర్వాత ఆ మాట వెనక్కి తీసుకున్నారు. నిజానికి పోలికే ఆయనకు ఎదురు తిరిగింది. ఎత్తులో తేడాలకు జన్యువుల వాటా దాదాపు 80 శాతం. అయినా నూరేళ్లలో దక్షిణ కొరియా స్త్రీల సగటు ఎత్తు 20 సెంటీమీటర్లు పెరిగింది. అన్ని వర్గాల ఎత్తునూ ఒకేసారి మార్చేంత వేగంగా జన్యువులు మారవు. మారింది తిండి, ఆరోగ్యం.

మరి సంతోషపు జన్యువు ఏది? ఒక్క జన్యువు చెడితే ఏమవుతుందో వైశ్యులకు తెలుసు. ఆ సమాజంలో కొందరికి ఒక ఎంజైమ్ లోపం ఉంటుంది. వాళ్లకు ఆపరేషన్‌లో ఇచ్చే కొన్ని కండరాల సడలింపు మందుల ప్రభావం ఒక పట్టాన దిగదు. సంతోషం అలాంటి వ్యవహారం కాదు. సెరటోనిన్‌కు సంబంధించిన ఒక జన్యువుకు కొన్నాళ్లు పెద్ద పేరొచ్చింది. నమూనాలు పెద్దవయ్యేకొద్దీ అలాంటి ఏకజన్యు కథలు వాడిపోయాయి. 2016లో దాదాపు మూడు లక్షల మంది జన్యు సమాచారం జల్లెడ పడితే గట్టిగా నిలిచినవి మూడు స్థానాలే. ఒక్కోదాని ప్రభావం అతి స్వల్పం. అంటే వేలాది చిన్న తేడాలు కలిసి ఆందోళన పడే గుణం, కలుపుగోలుతనం వంటి స్వభావాలను కాస్త అటూ ఇటూ జరుపుతాయి. కలుపుగోలు మనిషికి స్నేహితులు దొరుకుతారు, కష్టంలో చేబదులూ దొరుకుతుంది. అలా జన్యువు పరిస్థితుల గుండానే పనిచేస్తుంది. పైగా ఆ మూడు లక్షల మందీ ఐరోపా మూలాలవాళ్లే. లింబాయత్‌కు ఆ ఫలితాలను యథాతథంగా అతికించలేం.

పరిస్థితుల బలం గురించీ సాక్ష్యం ఉంది. జర్మనీలో 24,000 మందిని పదిహేనేళ్లు గమనించిన అధ్యయనం 2004లో వెలువడింది. ఉద్యోగం పోయినవారు, మళ్లీ పని దొరికాక కూడా, సగటున పాత సంతృప్తి స్థాయికి పూర్తిగా చేరలేదు. స్వభావం మనిషిని మామూలు స్థితికి లాక్కొస్తుందన్న మాట కొంతవరకే నిజం. మరమగ్గాలు ఆగినప్పుడల్లా పని పోయే ఊళ్లో ఈ ఫలితం గుర్తుంచుకోదగ్గది.

సూరత్ చరిత్రలోనూ ఒక పాఠం ఉంది. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చి లక్షల మంది ఊరు విడిచి పారిపోయారు. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్త, మురుగు, అక్రమ కట్టడాల పని పట్టారు. 1996కల్లా చండీగఢ్ తర్వాత దేశంలో అత్యంత శుభ్రమైన నగరంగా సూరత్‌కు పేరొచ్చింది. ఆ రెండేళ్లలో ఊరివాళ్ల జన్యువులేమీ మారలేదు. అప్పుడు సంతృప్తిని కొలిచి ఉంటే, ఎవరు ఎక్కువ గొణుగుతారన్న వరుసలో పుట్టుక ప్రభావం కనిపించేది. వీధి బాగుపడిందా లేదా అన్న సంగతి ఆ వరుసలో కనిపించేది కాదు. అందుకే షెడ్డులో వేడి, చప్పుడు, కూలి గురించి ఫిర్యాదు వచ్చినప్పుడు, చెప్పినవాడి స్వభావం కంటే ముందు షెడ్డును కొలవాలి. థర్మామీటరు జన్యు పరీక్ష కంటే చౌక కూడా.