కుటుంబంపై పడే భారానికి ఒక కొలత

మిట్టేమరి, బాగేపల్లి, చింతామణి వైపునుండి జీవనోపాధికై బెంగళూరు చేరిన కుటుంబాలలో కొన్ని, స్కిజోఫ్రెనియాతో బాధపడుతున్న కొడుకునో సోదరినో వెంటబెట్టుకొని వస్తాయి. ఊరిలోనైతే పొలానికి పోయేటప్పుడు పక్కింటి అవ్వకు ఒక మాట చెప్పి పోవచ్చు. ఇక్కడ ఒకే గది అద్దె ఇల్లు, తలుపుకు తాళం. మందు వేళకు వేయించడానికి ఒకరు పని మానుకోవలసిందే. ఆసుపత్రిలో రోగి స్థితిని గురించి వివరంగా అడుగుతారు. పని మానుకున్న మనిషి సంగతి తరచుగా ప్రస్తావనకు రాదు.

ఆ సంగతిని క్రమపద్ధతిలో అడిగే ప్రశ్నావళి ఈ నగరంలోనే, నిమ్హాన్స్‌లో రూపొందింది. ఎస్. పాయ్, ఆర్.ఎల్. కపూర్ 1981లో దానిని ప్రకటించారు. అందులో 24 అంశాలు, ఆరు విభాగాలు: ఆదాయవ్యయాలు, నిత్యకృత్యాలు, తీరిక, ఇంటివారి పరస్పర సంబంధాలు, తక్కినవారి శరీరారోగ్యం, మానసికారోగ్యం. రోగి సంపాదన ఆగిందా, అప్పు చేశారా, తలపెట్టిన శుభకార్యం వాయిదా పడిందా, చుట్టుపక్కలవారు రాకపోకలు తగ్గించారా అని అడిగి, ఒక్కొక్క అంశానికి సున్న, ఒకటి, రెండు అని అంకెలు వేస్తారు. చివర మరొక ప్రశ్న ఉంటుంది: మొత్తంమీద మీరెంత బాధ అనుభవించారు? లెక్కకు అందే నష్టం వేరు, మనసుకు తగిలే నష్టం వేరు అన్న వివేకం ఆ ప్రశ్నలో ఉన్నది.

చెన్నైలోని స్కార్ఫ్ సంస్థకు చెందిన ఆర్. తార, ఆమె సహచరులు 1998లో 40 ప్రశ్నల మరొక పట్టికను ప్రచురించారు. జీవిత భాగస్వామికి ఎదురయ్యే చిక్కులను అది ప్రత్యేకంగా పరిశీలిస్తుంది.

ఇక్కడ అనువాదకునిగా ఒక మాట చెప్పవలసి ఉన్నది. 'భారం' అన్న పదం తెలుగులో మనిషికే తగులుతుంది. "మీకు భారంగా ఉన్నదా?" అని అడిగితే ఏ తల్లి అయినా "నా బిడ్డ నాకు బరువా!" అంటుంది. ఆ జవాబుకు సున్న పడుతుంది. ఆమె తాకట్టు పెట్టిన నగలు కాగితం మీదికి రావు. ప్రశ్న బిడ్డను గురించినది కాదు, వ్యాధి వలన ఇంటిలో ఏమి మారిందన్నదే. కనుక ఎన్ని రోజుల కూలి పోయింది, ఎన్ని రాత్రులు నిద్ర లేదు, ఎవరి చదువు ఆగింది అన్నది ఉన్నదున్నట్లు చెప్పండి. అలా చెప్పినందువలన బిడ్డకు ద్రోహం చేసినట్లు కాదు. నర్సు ఇంటికే వచ్చి చూసుకునే పద్ధతిలో కుటుంబాల కష్టం తగ్గుతుందని పాయ్, కపూర్ గుర్తించగలిగింది ఇటువంటి జవాబుల ఆధారంగానే.

ఈ కొలతను వైకల్య ధృవీకరణతో కలపకండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధిని కూడా గుర్తించింది. కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్లు ధృవీకరణ ఉంటే ఆ చట్టంలోని ప్రత్యేక సదుపాయాలకు అర్హత కలుగుతుంది. ఆ శాతాన్ని నిర్ణయించేటప్పుడు రోగి స్వీయ సంరక్షణ, ఇతరులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని చూస్తారు. వ్యాధి ఎంతకాలంగా ఉన్నదన్నదీ లెక్కలోకి వస్తుంది. అందుచేత ఊరిలో మొదట చూపించిన నాటి చీటీలను, చిరిగినవైనా సరే, పారవేయకండి. ఇల్లు మారేటప్పుడు మొట్టమొదట పోయేవి అవే. ఇంట్లో ఎవరికైనా, రోగికైనా సంరక్షకులకైనా, మాట్లాడవలసిన అవసరం కలిగితే టెలి మానస్ ఉచిత సంఖ్య 14416. తెలుగులో మాట్లాడవచ్చు.